నెలసరి లెక్కలో తికమక ఎక్కడ మొదలవుతుంది?

నెలసరి చక్రం 28 రోజులనీ, అందులో 14వ రోజున అండం విడుదలవుతుందనీ చదువుకున్నవాళ్లలో చాలామంది కంఠతా చెబుతారు. జీవశాస్త్ర పాఠాల్లోని బొమ్మలు మొదలుకొని ఫోన్‌లోని యాప్‌ల దాకా చాలా లెక్కలు ఈ రెండు అంకెల మీదే నడుస్తాయి. ఇవి తప్పుడు అంకెలేమీ కావు, సగటుకు దగ్గరగా ఉండే అంకెలు. సగటును ప్రతి మనిషికీ నియమంగా అంటగట్టినప్పుడే చిక్కు వస్తుంది. ఒక యాప్‌లో నమోదైన ఆరు లక్షలకు పైగా చక్రాలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో సగటు నిడివి 29.3 రోజులుగా తేలింది. సరిగ్గా 28 రోజులకు పూర్తయిన చక్రాలు నూటికి 13 మాత్రమే. అంటే పుస్తకంలో గీసిన చక్రం నిజజీవితంలో మినహాయింపు. అయినా ‘సేఫ్ డేస్’ (గర్భం రాదనుకునే రోజులు) లెక్క, పిల్లల కోసం ప్రయత్నిస్తున్న దంపతులకు చేసే రక్తపరీక్ష తేదీ, గర్భిణికి చెప్పే కాన్పు తేదీ, ‘ఈ నెల లేటయింది’ అనే కంగారు, ఇవన్నీ ఇప్పటికీ ఆ మినహాయింపును పట్టుకునే సాగుతున్నాయి.

లెక్క పెట్టే పద్ధతిలోనే మొదటి పొరపాటు ఉంది. ఎర్రగా స్రావం మొదలైన రోజు ఒకటో రోజు. తర్వాతి నెలసరి మొదలయ్యే ముందురోజు ఆ చక్రానికి చివరి రోజు. అంతకుముందు ఒకటి రెండు రోజులు కనిపించే గోధుమరంగు మరకలు లెక్కలోకి రావు. మన ఇళ్లలో చాలామందికి గుర్తుండేది తలంటు పోసుకున్న రోజు, అంటే నాలుగో రోజో ఐదో రోజో. దాన్నిబట్టి లెక్కిస్తే మొదట్లోనే నాలుగు రోజుల తేడా వస్తుంది. ఇంకొందరు తేదీని పట్టుకుంటారు. మూడో తేదీన వచ్చింది కాబట్టి మళ్లీ మూడో తేదీకే రావాలనుకుంటారు. 28 రోజుల చక్రం ఉన్న స్త్రీకి మార్చి 3న వస్తే మళ్లీ మార్చి 31న వస్తుంది. ‘నెలలో రెండుసార్లు అయింది’ అని భయపడి ఆసుపత్రికి వెళ్లేవారిలో కొందరికి జరిగింది ఇంతే. ఎదిగిన స్త్రీలలో 21 నుంచి 35 రోజుల మధ్య ఏ నిడివైనా మామూలే, ఒక నెలకూ మరో నెలకూ కొన్ని రోజులు అటూ ఇటూ కావడమూ మామూలే.

ఇప్పుడు ఆ రోజుల్లో లోపల ఏం జరుగుతుందో చూడాలి. చక్రంలో రెండు భాగాలున్నాయి, వాటి స్వభావం ఒకటి కాదు. మొదటి భాగంలో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను పంపగా, అండాశయంలో ఫాలికిల్స్ అనే చిన్న తిత్తులు కొన్ని ఎదగడం మొదలుపెడతాయి. ఒక్కో ఫాలికిల్‌లో ఒక్కో అండం ఉంటుంది. వాటిలో సాధారణంగా ఒక్కటే ముందుకు సాగి, మిగిలినవి వాడిపోతాయి. ఎదుగుతున్న ఆ ఒక్క ఫాలికిల్ ఈస్ట్రోజన్‌ను తయారుచేస్తుంది. దాని ప్రభావంతో గర్భాశయం లోపలి పొర తిరిగి మందమవుతుంది. ఈస్ట్రోజన్ ఒక స్థాయిని దాటి సుమారు రెండు రోజులు అలాగే నిలిచినప్పుడు పిట్యూటరీ ఎల్‌హెచ్ అనే మరో హార్మోన్‌ను ఒక్కసారిగా విడుదల చేస్తుంది, ఆ ఉప్పెన మొదలైన ఒకటిన్నర రోజు లోపు ఫాలికిల్ పగిలి అండం బయటికి వస్తుంది. ఈ భాగానికి గడువంటూ లేదు. ఫాలికిల్ ఎప్పటికి సిద్ధమైతే అప్పటిదాకా అది సాగుతుంది.

అండం విడుదలయ్యాక రెండో భాగం మొదలవుతుంది. పగిలిన ఫాలికిల్ కార్పస్ ల్యూటియం అనే చిన్న గ్రంథిగా మారి ప్రొజెస్టరాన్‌ను తయారుచేస్తూ, గర్భాశయం లోపలి పొరను గర్భం నిలవడానికి అనువుగా నిలిపి ఉంచుతుంది. ఈ గ్రంథికి ఆయుష్షు తక్కువ. గర్భం నిలిచి పిండం వైపు నుంచి హెచ్‌సీజీ అనే సంకేతం అందకపోతే, ఇంచుమించు రెండు వారాల్లో అది కుంచించుకుపోతుంది, ప్రొజెస్టరాన్ పడిపోతుంది, లోపలి పొర ఊడి నెలసరిగా బయటికి వస్తుంది. ముందు చెప్పిన అధ్యయనంలోనే మొదటి భాగం సగటున 16.9 రోజులుండగా, చాలా చక్రాల్లో అది 10 నుంచి 30 రోజుల దాకా విస్తరించింది. రెండో భాగం సగటు 12.4 రోజులు, విస్తృతి 7 నుంచి 17 రోజులు. రెండో భాగం పూర్తిగా స్థిరమని చెప్పలేం కానీ, మొదటి భాగంతో పోలిస్తే అది సాగేదీ కుదించుకుపోయేదీ చాలా తక్కువ. ఈ ఒక్క తేడా అర్థమైతే మిగిలిన చిక్కుల్లో చాలావాటికి ముడి విడిపోతుంది. అండం విడుదలైన రోజును నెలసరి మొదలైన రోజు నుంచి ముందుకు లెక్కపెట్టి కనుక్కోవడం కష్టం. వచ్చే నెలసరి నుంచి రెండు వారాలు వెనక్కి లెక్కపెడితే దానికి దగ్గరగా చేరతాం.

నెలసరి ఆలస్యం కావడాన్నే తీసుకుందాం. గర్భం లేకుండా నెలసరి పది రోజులు ఆలస్యమైందంటే, చాలా సందర్భాల్లో ఆ చక్రంలో అండమే పది రోజులు ఆలస్యంగా విడుదలైందని అర్థం. తీవ్రమైన జ్వరం, వేగంగా బరువు తగ్గడం, రాత్రి షిఫ్టులు, పరీక్షల ఒత్తిడి వంటివి మెదడు నుంచి వచ్చే సంకేతాలను మందగింపజేసి మొదటి భాగాన్ని సాగదీయగలవు. అండం విడుదలైన తర్వాత వచ్చిన ఒత్తిడికి నెలసరిని వాయిదా వేసే శక్తి అంతగా లేదు. కాబట్టి ‘ఈ వారం ఆఫీసులో పని ఎక్కువై లేటయింది’ అనుకోవడం కంటే, మూడు నాలుగు వారాల కిందట ఏం జరిగిందో గుర్తుచేసుకోవడం సబబు.

సంతాన చికిత్స కేంద్రాల్లో బాగా వినిపించే ‘21వ రోజు ప్రొజెస్టరాన్ పరీక్ష’ దీనికి మరింత స్పష్టమైన ఉదాహరణ. అండం విడుదలైందా లేదా అన్నది నిర్ధారించడానికి, రెండో భాగం మధ్యలో ప్రొజెస్టరాన్ ఎక్కువగా ఉండే సమయంలో రక్తం తీసుకోవాలి. అంటే వచ్చే నెలసరికి ఏడు రోజుల ముందు. 28 రోజుల చక్రంలో అది 21వ రోజు అవుతుంది కాబట్టి పరీక్షకు ఆ పేరు స్థిరపడిపోయింది. చక్రం 35 రోజులున్న స్త్రీకి 21వ రోజున అండం అప్పుడే విడుదలవుతూ ఉంటుంది. ఆ రోజు పరీక్ష చేస్తే ప్రొజెస్టరాన్ తక్కువగా కనిపిస్తుంది, ‘అండం విడుదల కావడం లేదు’ అన్న మాట చీటీ మీదికి ఎక్కుతుంది. అదే పరీక్షను 28వ రోజున చేస్తే ఫలితం వేరుగా ఉండేది. గత ఆరు నెలల తేదీలు రాసుకున్న కాగితం ఒకటి చేతిలో ఉన్న స్త్రీ ఈ పొరపాటును తానే పట్టుకోగలదు. రోజు విడిచి రోజు స్కాన్ చేసే ఫాలిక్యులర్ స్టడీలో ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే అక్కడ లెక్కతో పని లేకుండా ‘ఎగ్ సైజు’ (నిజానికి ఫాలికిల్ సైజు) పెరగడాన్నీ, ఫాలికిల్ పగలడాన్నీ నేరుగా చూస్తారు.

‘సేఫ్ డేస్’ సంగతి

విడుదలైన అండం 12 నుంచి 24 గంటలు మాత్రమే జీవించి ఉంటుంది. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో అయిదు రోజుల దాకా నిలవగలవు. అందువల్ల గర్భం వచ్చే అవకాశం ఉన్న రోజులు ఆరు: అండం విడుదలైన రోజు, దానికి ముందు అయిదు రోజులు. ఈ ఆరు రోజులు ఎప్పుడు వస్తాయన్నదే ప్రశ్న. పాఠ్యపుస్తకాల ప్రకారం అవి 10 నుంచి 17వ రోజు మధ్య ఉండాలి; 2000లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో ఆ ఆరు రోజులూ పూర్తిగా ఆ హద్దుల్లో ఉన్న స్త్రీలు నూటికి 30 మందే. ‘స్నానం తర్వాత వారం రోజుల దాకా ఫరవాలేదు’ అని పెళ్లయిన కొత్తలో స్నేహితులు చెప్పే మాట, చక్రం 23 రోజులున్న స్త్రీ విషయంలో పూర్తిగా తప్పు. ఆమెకు అండం తొమ్మిదో రోజు ప్రాంతంలోనే విడుదల కావచ్చు, అంటే స్రావం ఇంకా ఆగకముందే గర్భం వచ్చే రోజులు మొదలైపోతాయి.

ఈ వెనక లెక్కను ఇంచుమించు ఒకే కాలంలో ఇద్దరు వైద్యులు విడివిడిగా కనిపెట్టారు. జపాన్‌కు చెందిన క్యూసాకు ఓగినో 1924లోనూ, ఆస్ట్రియాకు చెందిన హెర్మన్ క్నాస్ 1928లోనూ అండం విడుదలకు వచ్చే నెలసరితోనే సంబంధమని చెప్పారు. అందులోంచి పుట్టిన క్యాలెండర్ పద్ధతిలో కనీసం ఆరు చక్రాలను నమోదు చేసి, అతి చిన్న చక్రం నుంచి 18, అతి పెద్ద చక్రం నుంచి 11 తీసివేస్తారు. 26 నుంచి 33 రోజుల మధ్య మారే చక్రాలున్న స్త్రీకి ఆ ప్రకారం 8 నుంచి 22వ రోజు దాకా, అంటే పదిహేను రోజులు జాగ్రత్త అవసరం. గమనించవలసింది ఏమంటే, చక్రాల్లో తేడా పెరిగేకొద్దీ ఈ లెక్క వల్ల మిగిలే ‘సేఫ్’ రోజులు దాదాపు కరిగిపోతాయి. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వారు రూపొందించిన పద్ధతి ఇంతకన్నా సులువు. చక్రాలు 26 నుంచి 32 రోజుల మధ్యే ఉండే స్త్రీలు 8 నుంచి 19వ రోజు దాకా దూరంగా ఉండాలంటుంది. రోజులు గుర్తుంచుకోవడానికి 32 రంగు పూసల దండ ఇస్తారు. దాన్ని పొల్లుపోకుండా పాటించినా ఏడాదిలో నూటికి అయిదుగురు, మామూలుగా పాటిస్తే పన్నెండుగురు గర్భం దాల్చినట్టు పరీక్షల్లో తేలింది. పిల్లలు ఇప్పుడే వద్దని గట్టిగా అనుకునే దంపతులు కేవలం తేదీలను నమ్ముకోవడం సరికాదని నా అభిప్రాయం. పిల్లలు కావాలనుకునేవారికి మాత్రం ఇదే లెక్క చాలా ఉపయోగం.

తేదీలతో పాటు శరీరం ఇచ్చే గుర్తులనూ రాసుకుంటే అంచనా బాగా మెరుగవుతుంది. ప్రొజెస్టరాన్ ప్రభావంతో అండం విడుదలయ్యాక శరీర ఉష్ణోగ్రత కొద్దిగా, ఫారెన్‌హీట్‌లో 0.4 నుంచి 1 డిగ్రీ వరకు పెరిగి వచ్చే నెలసరి దాకా అలాగే ఉంటుంది. నిద్ర లేవగానే, మంచం దిగకముందే, రోజూ ఒకే సమయానికి చూడాలి. జ్వరం వచ్చినా, రాత్రి నిద్ర చెడినా ఆ రోజు అంకెకు విలువ లేదు. ఉష్ణోగ్రత పెరగడం అండం విడుదలైపోయిందని చెబుతుందే తప్ప రేపు విడుదలవుతుందని ముందుగా చెప్పదు. ముందుగా చెప్పేది యోని స్రావం. ఈస్ట్రోజన్ పెరిగేకొద్దీ అది పలుచబడి, గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా, వేళ్ల మధ్య సాగేలా మారుతుంది. అండం విడుదలయ్యాక చిక్కబడి తగ్గిపోతుంది. మనవాళ్లు దీన్నంతటినీ ‘తెల్లబట్ట’ కింద జమకట్టి, అదో జబ్బనీ, దానివల్లే నీరసమనీ బెంగపడుతుంటారు. దురద, దుర్వాసన, పసుపు లేదా ఆకుపచ్చ రంగు, మంట ఉంటేనే అది చికిత్స అవసరమైన విషయం. నెల మధ్యలో రెండు మూడు రోజులు కనిపించే తేటైన స్రావం ఆరోగ్యానికి గుర్తు. మందుల దుకాణాల్లో దొరికే ఎల్‌హెచ్ స్ట్రిప్పులు కూడా ఒకటి రెండు రోజుల ముందే సూచన ఇస్తాయి, అయితే హార్మోన్ల తేడా వల్ల అండం విడుదల గాడి తప్పే పీసీఓఎస్ అనే సమస్య ఉన్నవారిలో ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువగానే ఉండే అవకాశం ఉన్నందున వారికి అవి మోసం చేయవచ్చు.

పుస్తకమా, యాప్‌నా?

యాప్ చెప్పే తేదీ సాధారణంగా పాత చక్రాల సగటు నుంచి వచ్చిన ఊహ. ఉష్ణోగ్రత గానీ ఎల్‌హెచ్ ఫలితం గానీ ఇవ్వకుండా తేదీలు మాత్రమే ఇస్తే, అండం ఎప్పుడు విడుదలైందో దానికి తెలిసే మార్గం లేదు. తెరమీద రంగురంగులుగా చూపించినంత మాత్రాన అది శరీరంలోకి తొంగిచూసినట్టు కాదు. గోప్యత ఇంకొక సంగతి. ఫ్లో అనే ప్రసిద్ధ యాప్ వాడుకరుల ఆరోగ్య సమాచారాన్ని ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలకు అందించిందన్న ఆరోపణ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో ఆ సంస్థతో ఒప్పందానికి వచ్చి ఆంక్షలు విధించింది. నెలసరి తప్పిన తేదీ ప్రకటనకర్తల చేతికి వెళ్లడం ఎవరికీ సమ్మతం కాదు కదా. గోడ క్యాలెండర్ మీద చుక్క పెట్టుకోవడం గానీ, చిన్న పుస్తకంలో రాసుకోవడం గానీ ఏ విధంగానూ తక్కువ పద్ధతి కాదు.

రాసుకోవలసినవి ఎక్కువేమీ లేవు. మొదలైన తేదీ, ఆగిన తేదీ, స్రావం ఎక్కువగా ఉన్న రోజుల్లో ఎన్ని ప్యాడ్లు మార్చారో, పనులు మానుకోవలసినంత నొప్పి ఉందా, మధ్యలో మరకలు కనిపించాయా అన్నవి చాలు. వీటితో పాటు వేసుకున్న మందులను తప్పక రాయాలి, ఎందుకంటే మందుల ప్రభావం ఉన్న నెలలు సగటులో కలిస్తే లెక్క చెడుతుంది. పెళ్లో, వ్రతమో, తిరుపతి ప్రయాణమో ఉందని నెలసరిని వాయిదా వేసే మాత్రలు మన ప్రాంతంలో ఎంత మామూలో అందరికీ తెలిసిందే. వాటిలో ఎక్కువగా వాడే నార్‌ఎథిస్టెరాన్‌ను నెలసరికి మూడు రోజుల ముందు నుంచి మొదలుపెట్టాలి, ఆపిన రెండు మూడు రోజులకు స్రావం వస్తుంది. నెలసరి ఎప్పుడు రావాలో సరిగ్గా తెలియనివారు మాత్ర ఆలస్యంగా మొదలుపెట్టి, పని జరగలేదని బాధపడుతుంటారు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు వీటిని దుకాణంలో అడిగి కొనుక్కోకూడదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మూడు నెలలకొకసారి ఇచ్చే ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ వాడేవారికి నెలసరి పూర్తిగా ఆగిపోవచ్చు, ‘ఛాయా’ అనే గర్భనిరోధక మాత్రలు వాడేవారికి చక్రం పొడవు పెరగవచ్చు. కాపర్-టీ వేయించుకున్నవారికి స్రావం ఎక్కువ కావచ్చు. అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్న నెలలో తేదీ వారం దాకా అటూ ఇటూ జరగడం సహజం.

గర్భం నిలిచినప్పుడు కూడా ఈ తేదీలే పునాది. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం మొదట అడిగేది చివరి నెలసరి తేదీనే. దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపి కాన్పు తేదీ వేస్తారు. ఈ సూత్రం కూడా 28 రోజుల చక్రాన్నే ఊహిస్తుంది. 35 రోజుల చక్రం ఉన్న స్త్రీ అసలు కాన్పు తేదీ దానికి వారం తర్వాత ఉంటుంది, మొదటి మూడు నెలల్లో తీసే స్కాన్ ఆ తేడాను సరిదిద్దుతుంది. ఆ స్కాన్ తీయించుకోకపోతే నెలలు నిండకముందే ‘డేటు దాటింది’ అని నొప్పులు తెప్పించే ఇంజెక్షన్ ఇచ్చే ప్రమాదం ఉంది. గర్భం వారాలను చివరి నెలసరి నుంచే లెక్కిస్తారు కాబట్టి, జార్జియా వంటి అమెరికా రాష్ట్రాల్లో గర్భస్రావానికి పెట్టిన సుమారు ఆరు వారాల హద్దు నిజానికి నెల తప్పిన తర్వాత రెండు వారాలకే ముగుస్తుంది, చక్రం పొడవుగా ఉన్నవారికి అంత సమయం కూడా మిగలదు. జార్జియాలోని అట్లాంటా చుట్టుపక్కల నివసిస్తున్న తెలుగు కుటుంబాలకు ఇది కేవలం లెక్కల విషయం కాదు.

ఈడేరిన మొదటి రెండు మూడేళ్లలో అమ్మాయిల చక్రాలు 45 రోజుల దాకా ఉండవచ్చు. మెదడుకూ అండాశయానికీ మధ్య సంకేతాలు ఇంకా కుదురుకోకపోవడమే అందుకు కారణం. ఇంటర్ చదివే అమ్మాయికి రెండు నెలలు రాలేదని వెంటనే స్కాన్ తీయించి, ‘నీటి బుడగలున్నాయి’ అన్న రిపోర్టు పట్టుకుని ఇంటిల్లిపాదీ దిగులుపడటం ఇప్పుడు మామూలైపోయింది. ఆ వయసులో అండాశయంలో చిన్న ఫాలికిల్స్ ఎక్కువగా కనిపించడం సహజం. అందుకే రజస్వల అయిన తర్వాత ఎనిమిదేళ్ల లోపు కేవలం స్కాన్ ఆధారంగా పీసీఓఎస్ అని చెప్పకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు అంటున్నాయి. మూడేళ్లు దాటాక కూడా ఏడాదికి ఎనిమిది కంటే తక్కువసార్లు వస్తుంటే, దానికి తోడు ముఖం మీద ముతక వెంట్రుకలు పెరుగుతుంటే, అప్పుడు పరీక్షలు అవసరం. 15 ఏళ్లు నిండినా రజస్వల కాకపోయినా, గర్భం లేకుండా మూడు నెలలు రాకపోయినా, థైరాయిడ్ మొదలుకొని చూడవలసినవి ఉంటాయి. సంభోగం తర్వాత రక్తం కనిపిస్తే, లేదా ముట్లుడిగిన ఏడాది తర్వాత ఒక్క మరక కనిపించినా, చక్రం లెక్కలతో నిమిత్తం లేకుండా వెంటనే వైద్యురాలికి చూపించుకోవాలి.

రాతపూర్వకమైన నమోదుకు అన్నిటికంటే ఎక్కువ విలువ ఉండేది అధిక రక్తస్రావం విషయంలో. ఒక నెలసరిలో పోయే రక్తం సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 80 దాటితే అధికం. ఇంట్లో ఎవరూ దాన్ని కొలవలేరు కాబట్టి ప్రతి గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చవలసి రావడం, పెద్ద గడ్డలు పడటం, ఏడు రోజులు దాటినా ఆగకపోవడం గుర్తులుగా తీసుకుంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి, వారికి ఇది తేలిగ్గా తీసుకోదగిన నష్టం కాదు. మరోవైపు ఇదే ఫిర్యాదుతో వెళ్లిన స్త్రీలకు గర్భసంచి తీసేయించుకోమనే సలహా ఈ రెండు రాష్ట్రాల్లో చాలా సులువుగా దొరుకుతుంది. 2015-16 సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. స్రావం ప్రతి నెలా ఎక్కువగా ఉందా, రెండు నెలల నుంచే పెరిగిందా, తేదీ ప్రకారం వస్తూ ఎక్కువవుతోందా, లేక ఎప్పుడు పడితే అప్పుడు వస్తోందా అన్నదానిని బట్టి కారణాలు మారతాయి. తేదీ ప్రకారం వచ్చే అధిక స్రావంలో వైద్యులు గర్భాశయంలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డల వంటివాటిని వెతుకుతారు, తేదీ తప్పి వచ్చే స్రావంలో అండం విడుదల కాకపోవడాన్ని అనుమానిస్తారు. చాలామందికి స్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు, హార్మోన్ మాత్రలు, గర్భాశయంలో అమర్చే హార్మోన్ సాధనం వంటి శస్త్రచికిత్స లేని మార్గాలున్నాయి. ఆరు నెలల తేదీలూ ప్యాడ్ల లెక్కా ఉన్న పుస్తకాన్ని బల్లమీద పెట్టిన స్త్రీ, గర్భసంచి తీసే మాట వచ్చినప్పుడు ఈ మార్గాలు తనకెందుకు పనికిరావో అడిగి జవాబు రాబట్టగలదు.